మా పైగదిలో గద్వాల స్టేషన్

వణికే చేతికి బండి అప్పజెప్పొచ్చా? డెబ్బై నాలుగేండ్లు వచ్చినయి, బతుకంత పుస్తకాల నడుమనే గడిచింది, దీనికి మాత్రం నాకు జవాబు దొరకలే. అది బొమ్మ బండే. ఇంజను నా జానెడు లేదు. అయినా దొరకలే.

గౌస్ పాషా గద్వాల స్టేషన్ల ముప్పై రెండేండ్లు పాయింట్స్‌మన్‌గా చేసిండు. వచ్చే బండి ఏ పట్టా మీదికి పోవాల్నో ఆ పట్టా కలిపే పని. ఒక్కటే లైను ఉన్న కాలంల రెండు బండ్లు ఎదురెదురుగ వస్తే, ఒకదాన్ని పక్కనున్న లూపు లైన్ల నిలబెట్టి ఇంకోదాన్ని పోనిచ్చేటోళ్లు. దాన్ని క్రాసింగ్ అంటరు. ఆగకుండ పోయే బండి డ్రైవరుకు, ముందర లైను ఖాళీగున్నదని గుర్తుగా ఒక బెత్తపు రింగు అందియ్యాలె. ఈయన ప్లాట్‌ఫారం అంచున నిలబడి కుడిచెయ్యి చాపుతడు, డ్రైవరు ఇంజన్లకెల్లి వంగి అందుకుంటడు. "ఒక్కసారి గూడ జార్లే సార్," అనేటోడు. గొప్పకు చెప్పినట్టు ఉండదు. నిన్న వాన పడలేదు అన్నట్టు చెప్పేటోడు.

రిటైరైనంక వనపర్తిల మా వెనక గల్లీకి వచ్చిండు. ఒకటిన్నర గది ఇల్లు, ఆయన, భార్య ఖుర్షీద్ బేగం. నేను లైబ్రరీల కొలువు చేసేటప్పుడు పొద్దున్నే పేపరుకు వచ్చేటోడు, గట్ల దోస్తీ అయింది. ఒకనాడు ఆటోల ఇనుప పెట్టె వేసుకొని మా ఇంటి ముందర దిగిండు. ఎవరో పెద్ద ఆఫీసరు ఇల్లు ఖాళీ చేసుకుంట ఇచ్చిండట. అందుల రెండు బొమ్మ ఇంజన్లు, ఆరు డబ్బాలు, కట్టలు కట్టలు చిన్న పట్టాలు.

"మా ఇంట్ల పరిస్తే మేమిద్దరం నిలబడి పండుకోవాలె సార్. మీ పైగదిల జర జాగ ఇస్తే..."

పైగదిల నా పుస్తకాల బీరువాలు ఉండె. రెండిటిని కిందికి దింపించిన. నా భార్య సుగుణమ్మ చూసి, "నేను ఇరవై ఏండ్లు మొత్తుకున్నా కదల్లే. పాషన్న ఒక్క మాటకు కదిలినయి చూడు," అన్నది.

బల్లల మీద ప్లైవుడ్ పరిచి ఆ స్టేషన్ కట్టడానికి ఆయనకు రెండేండ్లు పట్టింది. మీటర్ గేజ్ నాటి గద్వాల అది. మెయిన్ లైను, లూపు, సిగ్నల్ కేబిను, స్పాంజి ముక్కతో చేసిన యాపచెట్టు. నడిపియ్యడానికి ఒక పాత కరెంటు డబ్బా, దానికి ఒక్కటే గుండీ. గుండీ తిప్పితే కరెంటు ఉన్న పట్టా మీద ఏది ఉంటే అది కదుల్తది. క్రాసింగ్ చెయ్యాలంటే ఒక చెయ్యి గుండీ మీద, ఒక చెయ్యి స్విచ్చుల మీద ఉండాలె. మంచిగనే చేసేటోడు. గంతల కుడిచెయ్యి వణకడం మొదలైంది. దవాఖానల నరాల జబ్బన్నరు, తగ్గేది కాదన్నరు. గుండీ మీద చెయ్యి వణికితే బండి ఎక్కిళ్లు పట్టినట్టు పోతుండె.

ఖుర్షీద్ బేగం ఒకసారి గేటు కాడ నాతో చెప్పింది. "ఇంట్ల చాయ్ కప్పు నేనే పట్టుకోవాలె సార్. అంగీ గుండీలు నేనే పెట్టాలె. మీ పైగదికి వచ్చినప్పుడే ఆయన మొగోని లెక్క తలెత్తి నడుస్తుండు. అది గూడ పోతే ఎట్లనో ఏమో."

పక్కింటి శ్రీజ పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ చెప్తది. చిన్నప్పుడు మా లైబ్రరీల బొమ్మల పుస్తకాలు చింపిన పిల్ల. డిజిటల్ సంగతి తీసుకొచ్చింది ఆమెనే. ఇంజను లోపల చిప్పు పెట్టి ఒక నెంబరు ఇస్తరట. పట్టాలల్ల ఎప్పుడూ కరెంటు ఉంటది, ఏ నెంబరును పిలిస్తే ఆ ఇంజనే కదుల్తది. ఇండ్లల్ల మూడు తీర్లు వాడుతున్నరట: తిప్పే గుండీ, ఒత్తే నెంబర్లు ఉన్న చేతి రిమోటు, ఫోను, లేకుంటే కంప్యూటరు. కంప్యూటరైతే మనిషి ముట్టుకునే పనే లేదు. శ్రీజ హైదరాబాదుల తన దోస్తును అడిగి ఒకటొకటి తెచ్చి చూపిస్తనన్నది.

పాషా భాయ్ ఆ ఇంగ్లిష్ కాగితాలన్నీ నా ఒళ్లె పెట్టిండు. "మీరు చదువుండ్రి సార్. మీరు ఏదంటే గదే."

ముందుగాల ఫోను చూసినం. ఆయన వేలు ఒకసారి పెడితే అది మూడుసార్లు అనుకునేది. బండి పోతుండె, ఆగుతుండె, మళ్ల పోతుండె. "గిది రైలా, కప్పనా?" అని ఫోను వాపసు ఇచ్చిండు.

రిమోటు అట్ల కాలే. ఇంజను మెల్లగ జోరందుకునేటట్టు, మెల్లగ ఆగేటట్టు శ్రీజ ఏదో సెట్టింగు పెట్టింది. చెయ్యి వణికినా బండికి తెల్వలే. గూడ్సు ఇంజనుకు అయిదు నెంబరు ఇచ్చి మధ్యాహ్నమంత తిప్పిండు. సాయంత్రం అసర్ నమాజుకు టైమైతుందని సుగుణమ్మనే కిందికెల్లి యాది చేయాల్సి వచ్చింది.

మరునాడు ప్యాసింజరు ఇంజనుకు గూడ చిప్పు పడ్డది. దానికి ఏడు నెంబరు ఇయ్యాలె. శ్రీజ చిప్పు పెట్టి కాలేజికి పోయింది, మేమిద్దరమే ఉన్నం. నేను కాగితం చదివిన. "నెంబరు ఇచ్చేటప్పుడు వేరే ఇంజను ఏదున్నా పట్టాల మీదికెల్లి తియ్యాలె అని రాసున్నది పాషా భాయ్."

ఆయన లూపు దిక్కు చూసిండు. గూడ్సు అక్కడ నిలబడి ఉండె. "క్రాసింగ్‌కు పెట్టిన బండిని ఎత్తి అవతల పెడ్తరా సార్? ఎదురు బండి వచ్చిపోయేదాక దాన్ని ముట్టొద్దు."

"బొమ్మ బండి గదనయ్యా."

"బండి బండే."

ముప్పై రెండేండ్ల అలవాటు. నేను వాదించలే. నేను గూడ అలిసిపోయి ఉన్న, మెట్లెక్కి మోకాళ్లు గుంజుతుండె. కానీయ్ అన్న.

నెంబరు ఇచ్చినం. ప్యాసింజరును పిలిచి గుండీ తిప్పిండు. అది స్టేషన్ దిక్కు వస్తుండె. లూపుల గూడ్సు గూడ కదిలింది. పట్టాలు కలిసే చోట రెండూ ముఖాముఖి గుద్దుకున్నయి. ప్యాసింజరు ఇంజను బల్ల మీదికెల్లి దొర్లి గచ్చు మీద పడ్డది.

ఆయన దాన్ని తియ్యడానికి వంగలే. ఎడమచేత్తో కుడిచెయ్యిని గట్టిగ పట్టుకొని స్టూలు మీద కూలబడ్డడు. "చెయ్యే సార్," అన్నడు. "నా చెయ్యే తప్పు నెంబరు ఒత్తినట్టుంది."

నేనే వంగి ఇంజను తీసి బల్ల మీద పెట్టిన. ఆ కాగితంల నేనే చదివిన మాట అప్పుడు నాకు తట్టనే లేదు. చెయ్యేననుకున్న. పొద్దుగూకకముందే శ్రీజకు ఫోను చేసి, బండ్లు గుద్దుకున్న సంగతి చెప్పి, "రిమోటు వాపసిచ్చెయ్యి బిడ్డా, కంప్యూటర్‌ది పెట్టు. ఆయనకు పరేషాన్ ఉండదు," అని చెప్పిన. మరునాడు పాషా భాయ్‌కి చెప్తే తలూపిండు. "సరే సార్. మీరు ఏదంటే గదే."

పదిరోజులకు శ్రీజ పడ్డ ఇంజనును సరిచేసి, పట్టాల కింద బండిని కనిపెట్టే చిన్న చిన్న బిళ్లలు అంటించి, తన పాత లాప్‌టాప్ తెచ్చి కలిపింది. మేమిద్దరం పక్కన నిలబడి ఉన్నం. కంప్యూటరుకు చెప్పడానికి ముందుగాల ఇంజన్ల నెంబర్లు చదువుకుంటున్నది. ఆగింది. మళ్ల చూసింది.

"ఇదేంది పాషా తాతా, రెండిట్లకు ఏడే ఉన్నది. గూడ్సును తియ్యకుండనే నెంబరు ఇచ్చిన్రా? పట్టాల మీద ఏది ఉంటే దానికల్ల అదే నెంబరు పడ్తది, ఒక్కదాన్ని పిలిస్తే రెండూ వస్తయి మల్ల. గుద్దుకోక ఏం చేస్తయి?"

పాషా భాయ్ ఆమె దిక్కు చూసిండు. "అంటే చెయ్యి కాదా బిడ్డా?"

"చెయ్యెందుకైతది తాతా? చెయ్యికేం సంబంధం?"

తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నడు. తర్వాత నా దిక్కు చూసిండు. ఆ రిమోటు మళ్ల తెప్పిస్తనని నేను అనాల్సింది. ఒక్క ఫోను పని. ఎందుకు అనలేదో తెల్వదు. మళ్ల శ్రీజను అడగాలె, మళ్ల కాగితాలు చదవాలె, మళ్ల ఆ మెట్లు ఎక్కి దిగాలె. నోట్లె నుంచి వచ్చింది ఇది:

"అయితే అయింది పాషా భాయ్. ఇదే మంచిగున్నది. నీకు శ్రమ లేదు, కూసొని చూడు."

శ్రీజ నెంబర్లు సరిచేసి ఒక మీట ఒత్తింది. గూడ్సు తనంతట తానే లూపులకు పోయి ఆగింది. ప్యాసింజరు దాని పక్కకెల్లి మెల్లగ వెళ్లిపోయింది. తర్వాత గూడ్సు బయల్దేరింది. వెంట్రుకవాసి తేడా లేదు. "అబ్బ!" అన్న నేను. మూడు క్రాసింగులు చూసినం. నాలుగోదానికి నేను వంగి, గూడ్సు ఆగే జాగల కింద అంటించిన బిళ్లను చూపియ్యమని శ్రీజను అడుగుతున్న.

పాషా భాయ్ కిటికీల పెట్టిన టోపీ తీసుకున్నడు. చెప్పులేసుకున్నడు. సుగుణమ్మ చాయ్ పట్టుకొని మెట్లెక్కి వస్తుంటే గోడకు ఒదిగి ఆమెను పోనిచ్చి, కిందికి దిగిపోయిండు.