కురబలకోట గోడ మీద చేతులు

మదనపల్లెకు పని మీద వెళ్ళినప్పుడు, కురబలకోట దగ్గర ఒక పల్లెలో ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పుతుంటే చూశాను. సున్నం కొట్టిన గొర్రెల దొడ్డి గోడకు చెయ్యి ఆనించి, చుట్టూ ఎర్రమట్టి రంగు నోటితో ఊది, చెయ్యి తీసేస్తే, చేతి ఆకారం తెల్లగా మిగులుతుంది. ఆమె ఇంగ్లీషును తెలుగులో చెప్పే పని నాకు పడింది.

రంగు ముట్టకముందే ఆమె అందరినీ ఎదురుగా ఉన్న బండల గుట్ట వైపు తిప్పింది. ఈ నేలలో కలిసిపోయిన పాతకాలపు పెద్దలకు మనమెవరో చెప్పుకోకుండా చెయ్యి పెట్టకూడదట. తన భాషలో తానెవరో కేక వేసి చెప్పింది. గుట్ట తిరిగి పలికింది. పిల్లలూ ఒక్కొక్కరే తమ పేర్లు అరిచారు.

"మేమూ అంతేప్పా. మందను కొత్త గడ్డకి తోలేటప్పుడు ఇట్లే సెప్పుకుంటాము," అంది గొర్రెలు కాసే ముసలమ్మ. "నువ్వూ సెప్పు. యాల సిగ్గు?"

నాకు నామోషీగా తోచింది. పెదవులు మాత్రం కదిపాను.

"ఈయనకి గుట్ట పలకలా!" అని ఒక పిల్ల కిసుక్కుమంది.

ముసలమ్మ నవ్వలేదు. "సెప్పనోడు గోడ తావకి రాగూడదు. ఆడే నిలబడుకో అప్పా," అంది. దూరం నుంచే ఫోటో తీసుకున్నాను.

ఆ ఫోటోలో, గోడ మీద పిల్లల చేతి గుర్తుల మధ్య ఒక పెద్ద చేతి గుర్తు ఉంది. నీదేనా అని అడిగినవాళ్ళందరికీ ఇన్నాళ్ళూ అవుననే చెప్పాను. అది అబద్ధం. నేను ఆ గోడను ముట్టనే లేదు. ఈ నేల తనది కాదని ఆ చిత్రకారిణి కూడా చెయ్యి పెట్టలేదు. ముసలమ్మ చెయ్యి చాలా చిన్నది. ఆ పూట అక్కడ పెద్దవాళ్ళు ఇంకెవరూ లేరు.