పంచాయతీ అడిగిన రిజిస్టరు

ఉదయగిరి కోట ఎక్కడానికి బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు మా మిద్దె మీది రెండు గదులూ ఒకటి రెండు రోజులకు అద్దెకిద్దామన్నది నా భార్యే. ఆత్మకూరులో ఉద్యోగం ముగించి వచ్చాక నాకూ పొద్దుపోయేది కాదు. ఫోనులో గదులు బుక్ చేసుకునే సైటులో పెట్టాం. బిల్లులో జీఎస్టీ అని కనిపించేది, దాన్ని సైటు వాళ్ళే కట్టేవాళ్ళు. పన్నంటే అంతే అనుకున్నాను.

మూడో ఏడు పంచాయతీ నుంచి నోటీసు వచ్చింది. సెక్రటరీ వింజమూరు అమ్మాయి. అయినా మా ఊళ్ళో ప్రతి ఇల్లూ తెలుసు. ఆఫీసుకు వెళ్ళి కలిశాను.

"సైటు వాళ్ళు కట్టేది వేరే సార్. మాకు ఇంటి పన్ను మీరు నివాసం కింద కడతా ఉండారు. పైన నడిచేదేమో లాడ్జీ."

"లాడ్జీ ఏందమ్మా, రెండు గదులు."

"రెండైనా మంచాలేసి డబ్బు తీసుకుంటే లాడ్జీనే. ఏడాదంతా నడిచినట్టు పన్ను వేస్తాను. కాదంటారా, ఎవరెప్పుడు వచ్చినారో రిజిస్టరు తెండి. కొన్నాళ్ళే అని తేలితే తగ్గించమని పైకి రాస్తాను."

రిజిస్టరు లేదు. సైటులో దొరికే జాబితా సగమే. ఒకసారి వచ్చినవాళ్ళు ఆ తర్వాత నేరుగా ఫోను చేసి వచ్చేవాళ్ళు. వివరాలన్నీ ఉన్నది నా డైరీల్లోనే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రోజుకో పేజీ రాస్తున్నాను, అతిథుల్నీ అందులోనే రాశాను.

ఇంటికొచ్చి డైరీలు తీశాను. 'కడప వాళ్ళు నలుగురు, ఒక రాత్రి. మా ఆమె కాఫీ ఇచ్చింది. వాళ్ళు తాగిన గ్లాసులు తీయకముందే మళ్ళీ కాఫీ పెట్టింది.' ఇంకో పేజీలో, 'సంగం నుంచి టీచర్లు. మెట్ల దగ్గర నిలబడి, ఇది ఎవరిల్లు అని నన్నడిగింది.' అతిథులు వచ్చిన పేజీల్లోనే ఇలాంటివి ఎక్కువ. పరాయివాళ్ళ ముందు జరిగితే నాకు ఎక్కువ గుచ్చుకున్నట్టుంది. ఈ మతిమరుపు జబ్బు సంగతి నెల్లూరు డాక్టరుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నా భార్యకు కూడా. రక్తం తక్కువైందని చెప్పి మాత్రలు వేస్తున్నాను.

రెండు రోజులు కూర్చుని తేదీలూ పేర్లూ తెల్లకాగితాల మీద ఎత్తి రాసుకుని ఆఫీసుకు పట్టుకుపోయాను.

"ఇదేంది సార్, అంతా ఒకే పెన్ను! నిన్న రాసినట్టుండాది," అన్నది సెక్రటరీ. "ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు. డైరీలో నుంచి ఎత్తినానంటిరి గదా, అవే తెండి. బస్టాండు దగ్గర జెరాక్సు తీయిస్తాం."

పక్క బల్ల దగ్గర బిల్ కలెక్టరు నవ్వాడు. "పెద్దాయన డైరీలో ఏమేం బాగోతాలుండాయో!"

నేనూ నవ్వాను. కాగితాలు మడిచి పట్టుకుని ఇంటికి వచ్చాను.

"ఇచ్చెయ్యరాదా అయ్యా? నువ్వు రాసేది వానా, కూరా. ఎవురు చదవతారు?" అన్నది నా భార్య.

"గదులు మూసేద్దామా?"

"మూసేస్తే పొద్దున్నే ఎవురికి చెయ్యాల టిఫిను? నీకా? నీకు ఒకరోజు ఉప్పెక్కువ, ఒకరోజు కారమెక్కువ. వాళ్ళయితే నోరెత్తకుండా తింటారు."

అది నిజం. ఎవరైనా వస్తున్నారంటే తెల్లారేసరికి తల దువ్వుకుని, పప్పు నానబోసి, పైకీ కిందికీ తిరుగుతుంది. మధ్యలో తడబడినా ఆ రోజులే ఆమెకు మంచి రోజులు. ఎవరూ రాని రోజుల్లో మంచం దిగదు.

మరునాడు పంచాయతీ ఆఫీసులో చెప్పాను. "డైరీలు ఇవ్వనమ్మా. ఏడాదంతా లాడ్జీ కిందే వెయ్యి."

"ఖాళీ రోజులకు కూడా పడతాది సార్."

"పడనీ."

ఆ అమ్మాయి కాగితం ముందుకు జరిపింది. సంతకం పెట్టాను. "ఇకనుంచన్నా రిజిస్టరు పెట్టండి," అన్నది.

ఎదురుగా ఉన్న అంగట్లో పొడుగు నోటుపుస్తకం కొని, అక్కడే బల్ల మీద స్కేలు పెట్టి గీతలు గీశాను. పేరు, ఊరు, వచ్చిన రోజు, పోయిన రోజు, సంతకం. చివర కొంచెం చోటు మిగిలింది. ఆఫీసు అలవాటు కొద్దీ 'రిమార్కులు' అని రాయబోయి ఆగాను. ఆ చోటు కూడా కలిపి సంతకం గడిని పెద్దది చేశాను.