జినాన్ సంగతేమప్పా?

1978 జులైలో తిరుపతిలోని ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరినాను. రెండేళ్లు ప్రొబేషన్. అది ముగిసే ముందు డిపార్ట్‌మెంటు హెడ్ గారు చెప్పాపెట్టకుండా క్లాసుకొచ్చి, వెనక బెంచీలో కూర్చుని విని రిపోర్టు రాస్తారు. ఆ కాగితం బాగుంటేనే ఉద్యోగం ఖాయం. లేకుంటే పీలేరు పక్కన మా నాయన వేరుశనగ చేనే గతి.

మా హెడ్ రాఘవాచార్యులు గారు. నిలువు నామం, పంచెకట్టు, చేతిలో ఇంటినుంచి తెచ్చుకున్న మూతచెంబు. బయట మంచినీళ్లు కూడా ముట్టరని ఊరంతా పేరు. స్టాఫ్ రూములోకి టీ వస్తే కుర్చీ వెనక్కి జరుపుకునేవారు.

1980 ఫిబ్రవరిలో ఒకనాడు ఫస్టియర్‌కు ఆవర్తన పట్టిక చెబుతున్నాను. పైనుంచి కిందికి పోయేకొద్దీ పరమాణువు లావవుతుంది, వెలుపలి ఎలక్ట్రాన్ల మీద కేంద్రకానికి పట్టు సడలుతుంది అని బోర్డు మీద గీసి చూపించినాను. ఆ తర్వాత చివరి వరస, జడవాయువులు. హీలియం సంగతి పక్కన పెడితే, అన్నిటికీ వెలుపలి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లూ నిండుగా ఉంటాయి. ఎవరికీ ఇవ్వవు, ఎవరి దగ్గరా తీసుకోవు. అంతటితో ఆగొచ్చు కదా! నా నోరు ఊరుకుందా? "మడి కట్టుకున్న పెద్దాయన మాదిరి. ఏ పరిస్థితిలోనూ ఎవరినీ తాకవు" అనేసినాను.

క్లాసంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. చివరి బెంచీలో, చెంబు పక్కన పెట్టుకుని హెడ్ గారు! ఎప్పుడొచ్చినారో దేవుడికే ఎరుక. ఆయన కోప్పడలేదు. లేచి, "జినాన్ సంగతేమప్పా?" అని ఒక్కమాట అడిగి వెళ్లిపోయినారు.

సాయంత్రం లైబ్రరీలో వెతికితే దొరికింది. జినాన్ ఫ్లోరిన్‌తో కలుస్తుందని పద్దెనిమిదేళ్ల కిందటే తేలిందట. మా పాఠ్యపుస్తకానికి ఆ కబురు అందలేదు. జినాన్ ఆ వరసలో బాగా కిందిది, లావుది, పట్టు సడలినది. ఫ్లోరిన్ అంత గట్టిగా ఎలక్ట్రాన్లను లాగేది మరొకటి లేదు. నేనే చెప్పిన సూత్రం పావుగంటలో నేనే మరిచిపోయినాను. సిగ్గుతో చచ్చినాను.

రిపోర్టు మాత్రం రాలేదు. నెల తర్వాత ప్రాక్టికల్ పరీక్షలు జరిపించడానికి ఇద్దరమూ చిత్తూరు బస్సెక్కినాము. పూతలపట్టులో బస్సు ఆగితే హెడ్ గారు దిగినారు, ఎంతకీ రాలేదు. కండక్టరు విజిలు మీద విజిలు ఊదుతుంటే నేను వెతుక్కుంటూ పోయినాను. కాఫీ హోటలు గోడ చాటున, చెంబు చంకలో పెట్టుకుని, హోటలు గ్లాసు పెదవికి ఆనించుకుని కనబడినారు. చూడకూడనిది చూసినాను, ఇంక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

ఆయన తొణకలేదు. చివరి గుక్క దాకా తాగి, పైపంచెతో మూతి తుడుచుకుని, "వయసు పెరిగింది, బొజ్జ పెరిగింది, పట్టు సడలిందప్పా. ఈ కాఫీ ఉండాదే, ఫ్లోరిన్ మాదిరి లాగతాది" అన్నారు. బస్సెక్కుతూ ఇంకోమాట కలిపినారు: "మా ఇంట్లో మాత్రం ఇంకా పాత పుస్తకమే చదవతా ఉండారు."

వారంలో రిపోర్టు వచ్చింది. బోధన బాగుంది, మినహాయింపులు చెప్పడం నేర్చుకోవాలి, ప్రొబేషన్ ముగించి ఉద్యోగం ఖాయం చేయవచ్చు అని మూడే ముక్కలు.

ఆ రోజే నా నోట్సులో "ఏ పరిస్థితిలోనూ" కొట్టేసి "సాధారణంగా" అని రాసుకున్నాను. రిటైరయ్యేదాకా అలాగే చెప్పినాను. ఆ పాఠం వచ్చిన రోజు మాత్రం మొదట వెనక బెంచీ చూసుకుని, తర్వాతే బోర్డు వైపు తిరిగేవాణ్ణి.