ఓడ దిగిన ఇనుము

మా ఆయన గాజువాకలో ఒక చిన్న ఇనుపరేకుల మిల్లులో పనిచేసేవారు. మా అన్నయ్య పోర్టులో ఓడల సరుకు దింపే ముఠాలో మనిషి. ఆదివారం వస్తే ఇద్దరూ కూర్మన్నపాలెంలో మా ఇంట్లోనే తినేవారు.

ఆ ఆదివారం వంజరం చేపల పులుసు పెట్టాను. ఈ నెలంతా ఓవర్‌టైమేనని, పైదేశం నుంచి రేకు చుట్టలు ఓడల మీద ఓడలు వస్తున్నాయని అన్నయ్య మామూలుగా అన్నాడు. మా ఆయన కంచం తోసేశారు. అంత చవగ్గా అమ్మలేక మిల్లు మూసేస్తున్నామని యజమాని ముందురోజే చెప్పాడు. అన్నయ్యకు ఆ సంగతి తెలీదు.

"నువ్వు దింపతన్న చుట్టలన్నీ నా పొట్టమీదే పడతన్నాయి బావా" అన్నారు మా ఆయన.

"నానేటి సెయ్యాల బావా? నాను దింపకపోతే ఇంకొకడు దింపుతాడు."

ఇద్దరూ నావైపు చూశారు. నేను బడిలో సోషల్ చెబుతాను. దేశాలన్నీ కలిసి పెట్టుకున్న వాణిజ్య సంస్థ ఉందని, ఎవరైనా చవక సరుకు తెచ్చి కుమ్మరిస్తే దాని నియమాల ప్రకారం మన ప్రభుత్వం విచారణ జరిపి సుంకం వెయ్యొచ్చని చెప్పాను.

"ఆ దేశపోళ్ళు ఒప్పుకోకపోతే?" అన్నారు ఆయన.

"ఆ సంస్థకి ఫిర్యాదు చేస్తారు. తీర్పు నచ్చకపోతే అప్పీలు."

"అప్పీలు ఎవుడింటాడు?" అన్నాడు అన్నయ్య.

వినేవాళ్ళు లేరని చెప్పాల్సి వచ్చింది. కొత్త న్యాయమూర్తులను వెయ్యనివ్వకుండా ఒక పెద్ద దేశం ఏళ్ళుగా అడ్డుపడుతోంది. ఆ కుర్చీలన్నీ ఖాళీ.

"మరి పిల్లలకి ఏటి సెప్తన్నావ్?" అన్నారు మా ఆయన.

అందరికీ ఒకటే నియమం అని చెబుతున్నాను. ఆ మాట నోటితో అనడానికి ఒళ్ళు మండిపోయింది.

కొన్ని నెలలకి సుంకం వేశారు. అప్పటికి మిల్లు యంత్రాలు తుక్కు కింద అమ్ముడైపోయాయి. పైగా సుంకం వేసింది ఒక్క దేశం సరుకు మీదే. మనతో సుంకాల్లేని ఒప్పందం ఉన్న ఇంకో దేశం నుంచి అదే రేకు దిగుతూనే ఉంది.

ఎన్నిచోట్ల తిరిగినా మా ఆయనకి పని దొరకలేదు. చివరికి అన్నయ్యే వచ్చి, "మా ముఠాలో ఒకడు మానేసాడు. నాతో వచ్చీ బావా" అన్నాడు. మర్నాడు వెళ్ళారు.

సాయంత్రం బూట్లు విప్పుతుంటే అడిగాను, ఏం దింపారని.

"రేకులే. సరుకు బాగానే ఉంది" అన్నారు, తల ఎత్తకుండా.

చేతిలో ఉన్న గిన్నెను తొట్లోకి విసిరికొట్టాను. అంచు సొట్టపోయింది.

"ఎవుడి మీదే అంత కోపం?"

చెప్పడానికి నా దగ్గర ఒక్క మనిషి పేరు కూడా లేదు.