సెకండాఫ్ చెప్పిన ముగింపు

సీట్లు కుట్టే ఇతని గురించి మా వీధిలో మూడు మాటలు చలామణిలో ఉన్నాయి. తమ్ముడి జబ్బు సంగతి ముందే తెలిసి దాచాడన్నది ఒకటి. ఆపరేషన్ వద్దని దగ్గర కూర్చోబెట్టుకుని మరీ నూరిపోశాడన్నది రెండోది. తండ్రి వదిలిన కొట్టు మొత్తం తనకే దక్కాలని తమ్ముడి చావు కోరుకున్నాడన్నది మూడోది. చివరి మాట అన్నవారికి ఆ కొట్టు సంగతే తెలియదు. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరిన ఏడాదే తన వాటా వదులుకున్నాడు. మిగిలిన రెండు మాటలను అంత తేలిగ్గా తోసిపుచ్చలేము. వాటిని మొదట అన్నది వీధి కాదు, చనిపోయినవాడి భార్య. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. ఇరుపక్షాలూ నాతో విడివిడిగా మాట్లాడాయి. అన్నదమ్ములు ఆ మాట మాట్లాడుకున్న రోజు కొట్టులో ఉన్న మూడో మనిషినీ అడిగి తెలుసుకున్నాను. రాసేది వాటి ఆధారంగానే.

ఇతని వృత్తి వాహనాల సీట్లు కుట్టడం. బస్సుల వాళ్ళు, వ్యాన్ల వాళ్ళు చిరిగిన సీట్లు తెచ్చి పడేస్తే పాత స్పాంజి పీకి, కొత్తది కోసి, రెగ్జిన్ తొడిగి బిగించి ఇస్తాడు. కొట్టు ముందు గదిలో ఎప్పుడో మూలపడ్డ వ్యాను సీటొకటి ఉంటుంది. పని అయ్యేదాకా వచ్చినవాళ్ళు దానిమీద కూర్చోవాలి. కూర్చున్నవాడికి జిగురు వాసన తప్ప కాలక్షేపం ఉండదు గనుక, ఎవరైనా చివరికి ఒకే ప్రశ్నకు వస్తారు: "కొత్త సినిమా చూశావా అన్నా, ఎలా ఉంది?"

వారానికి ఒకటైనా చూడనిదే ఇతనికి తోచదు. చెప్పే తీర్పు మాత్రం దాదాపు ఒక్కటే. చిన్న మేకులు పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొడుతూ, మిగిలిన మేకుల సందుల్లోంచి చెబుతాడు: "ఫస్టాఫ్ పర్లేదు. సెకండాఫ్ సాగదీసి చంపాడు." అందుకే ఇతని అసలు పేరు వెనక్కి పోయి 'సెకండాఫ్' అన్నదే నిలిచింది. ఇతను ఏడుపు సినిమాలకు బద్ధశత్రువు. మంచం పట్టిన పాత్ర తెరమీద కనిపిస్తే చాలు, లేచి బయటికొచ్చి టీ తాగి వస్తాడు.

తమ్ముడు ఆదివారం మధ్యాహ్నాలు కొట్టుకు వచ్చేవాడు. అన్నదమ్ములిద్దరూ పెళ్ళిళ్ళయ్యాక కలిసి సినిమాకు వెళ్ళింది లేదు. ఎవరికి వీలైనప్పుడు వారు చూసి, ఆదివారం ఒకరికొకరు చెప్పుకునేవారు. దానికొక నియమం ఉండేది. చెప్పేవాడు ఇంటర్వెల్ దగ్గర ఆపాలి. వినేవాడు ముగింపు ఎలా ఉండాలో తన మాట చెప్పాలి. ఒక్కసారే చెప్పాలి, మార్చుకోకూడదు. ఆ తరువాత అసలు ముగింపు బయటపెట్టాలి. రెండూ ఒకటే అయితే విన్నవాడు గెలిచినట్టు. తమ్ముడు కథ చెప్పడంలో మహా అసమర్థుడు. హీరో చెల్లెలిని హీరోయిన్ని చేసేవాడు, చచ్చినవాడిని పాటలోకి తెచ్చేవాడు. "నువ్వు చూసింది ఒక సినిమానా, రెండా?" అని అన్న విసుక్కునేవాడు. ఆటలో ఎక్కువగా ఓడేదీ తమ్ముడే.

ఆ ఆదివారం కొట్టులో ఒక బస్సు డ్రైవరు తన సీటు కోసం కూర్చుని ఉన్నాడు. మూడో మనిషి అన్నది ఇతడే. డ్రైవరుకు ఎవరి పక్షమూ వహించే అవసరం లేదు. అతడు చెప్పినదీ అన్న చెప్పినదీ మాట మాటకూ సరిపోయాయి.

తమ్ముడు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "అన్నయ్యా, మొన్నొకటి చూశాను. పేరు గుర్తులేదు."

"పేరు తెలీకుండా సినిమాకెళ్ళేవాడివి ఊరు మొత్తమ్మీద నువ్వొక్కడివేరా. హీరో ఎవడు?"

"ఎవడో కొత్తవాడు. ముఖం ఏమంత బాగుండదు."

"అయితే మా డిపోలో డ్రైవరుగా పనికొస్తాడు" అన్నాడు డ్రైవరు. ముగ్గురూ నవ్వారు.

తమ్ముడు కథ మొదలుపెట్టాడు. నీళ్ళ పంపులు బాగుచేసే మెకానిక్కు ఒకడు. భార్య పిరికిది, గట్టిగా తలుపు కొట్టినా ఉలిక్కిపడే మనిషి. ఒక కూతురు, చదువుకుంటోంది, పెద్ద పరీక్షలు దగ్గరపడ్డాయి. వాడికి కడుపులో నొప్పి. ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్తే, గడ్డ ఉందన్నారు. వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. ఆ తరువాత నెలల తరబడి మంచం. బతికే అవకాశం సగం, పోయే అవకాశం సగం.

"కామెడీ ట్రాకు లేదా?" డ్రైవరు అడిగాడు.

"లేదన్నా. పాటలు కూడా లేవు."

"ఇంకెందుకు చూశావయ్యా బాబూ!"

"టికెట్ తెగిపోయాక ఏం చేస్తాం" అన్నాడు తమ్ముడు. తరువాత అన్నవైపు తిరిగి, "వాడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటాడు. ఇంటికెళ్ళి చెప్పాలా వద్దా అని. అక్కడ ఇంటర్వెల్. ఇప్పుడు నువ్వు చెప్పు, ఎలా ముగియాలి?" అన్నాడు.

అన్న నోట్లోని మేకులు అరచేతిలోకి తీసుకున్నాడు. "ఇవాళ బాగా చెప్పావురా. ఒక్కచోట కూడా తడబడలేదు. సరే, విను. వాడు ఇంట్లో చెప్పాడా, సినిమా చచ్చిందన్నమాటే. ఇక సెకండాఫ్ నిండా మంచం, సెలైన్ సీసా, పెళ్ళాం కొంగు, పిల్ల ఏడుపు. ఎవడు చూస్తాడు? చెప్పకూడదు. పనికి పోతూ, నలుగురితో నవ్వుతూ, పిల్ల చేత పరీక్షలు రాయించి, ఒకరోజు చప్పుడు లేకుండా వెళ్ళిపోవాలి. మగాడి చావంటే అదీ. హుందాగా ఉంటుంది."

తమ్ముడు గోడను వదిలి ఒక అడుగు ముందుకొచ్చాడు. తరువాత, "ఆపరేషన్ చేయించుకుని బతికాడనుకో?" అన్నాడు.

"బతికితే ఇంకేముంది, శుభం కార్డు! జనం అప్పటికే సీట్ల కింద చెప్పులు వెతుక్కుంటుంటారు."

డ్రైవరు పగలబడి నవ్వాడు. తమ్ముడూ నవ్వాడనే ఇద్దరూ అంటున్నారు.

"నువ్వే గెలిచావు అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "వాడు కూడా అలాగే తీశాడు."

"చూశావా మరి!" అని అన్న మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇక్కడ ఒక అంశాన్ని గమనించాలి. ముగింపు ఒక్కసారే చెప్పాలన్నది వారి నియమం. ఆ రోజు తమ్ముడు రెండోసారి అడిగాడు. అన్న జవాబు మార్చుకోవడానికి తానే అవకాశం ఇచ్చాడు. అన్నేళ్ళ ఆటలో ఎన్నడూ జరగనిది అది. అన్నకు అది పట్టలేదు. పట్టాల్సిందా అంటే, పక్కన మనిషి నవ్వుతుండగా, చేతిలో సగం బిగించిన సీటు ఉండగా, ఎంతమందికి పట్టేదో నేను చెప్పలేను.

ఆ తరువాత తమ్ముడు ఆదివారాలు రావడం తగ్గించలేదు. సన్నబడ్డాడు. "ఏంట్రా, ఇలా చిక్కిపోయావ్?" అని అన్న అడిగిన మాట నిజం. "లిఫ్టు పాడైతే ఊళ్ళోవాళ్ళంతా కింద నిలబడతారు. మెట్లెక్కి పైకి పోయేది మేమే కదా" అని తమ్ముడు నవ్వించిన మాటా నిజం. కూతురు పరీక్షలు రాసింది. ఫలితాలు రాకముందే అతను ఒక అపార్ట్‌మెంట్ లిఫ్టు మిషన్ గదిలో పనిచేస్తూ కుప్పకూలాడు. ఆసుపత్రికి చేర్చేసరికి చేయగలిగింది ఏమీ మిగలలేదు. స్పృహ ఉన్న కాస్త సమయంలో భార్య ఒక్కటే అడిగింది, ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదని. అతనన్న మాట ఆమెకు అక్షరాలా గుర్తుంది: "అన్నయ్యకు చెప్పాను. ఇంట్లో చెప్పకపోవడమే మంచిదన్నాడు."

ఆ మాటను ఆమె, ఇంటినిండా బంధువులున్నప్పుడు, బావగారి ముఖం మీదే అన్నది. ఇతను తెల్లబోయాడు. "నాకెప్పుడు చెప్పాడమ్మా? నాకేమీ తెలీదు" అన్నాడు. చావుకు ముందు మనిషి అబద్ధం చెప్పడన్నది అందరి నమ్మకం. కనుక అబద్ధమాడింది ఇతనేనని ఆ గదిలోనే తేలిపోయింది.

ఇంటికి వచ్చి ఇతను గడిచిన ఆదివారాలన్నీ ఒక్కొక్కటే తవ్వుకున్నాడు. తమ్ముడు జబ్బు మాటెత్తిన ఆదివారం ఒక్కటీ లేదు. ఆ సినిమా తప్ప.  మరునాడే ఆ సినిమాను వెతుక్కుంటూ బయలుదేరాడు. అలాంటి సినిమా నిజంగా వచ్చి ఉంటే తమ్ముడు చూసిందే చెప్పాడు, తాను ఒక సినిమా గురించే మాట్లాడాడు, దాన్ని మరదలికి చూపించి తలెత్తుకోవచ్చు. రాకపోయి ఉంటే ఆమె అన్నదే సత్యం. ఇతని బతుకు ఆ రెంటి మధ్య వేలాడింది. కొట్టుకు వచ్చే ప్రతివాడినీ అడిగాడు. సినిమా పిచ్చివాళ్ళని పేరున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాడు. పాత బస్‌స్టాండు దగ్గరి థియేటరులో టికెట్లిచ్చే పెద్దమనిషి అక్కడ ఆడిన ఏ బొమ్మనూ మరచిపోడు. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"పంపుల మెకానిక్కు, కడుపులో గడ్డ, పాటల్లేవు, ముఖం బాగాలేని హీరో. అలాంటిది ఎవడు తీస్తాడన్నా? తీసినా నువ్వు చూస్తావా?"

"ఎక్కడైనా, ఒక్క ఆటైనా, పడి ఉండదంటావా?"

"పడలేదు. నాకు తెలీకుండా పడదు. ఎందుకన్నా, అంత బాగుందా?"

ఇతను అక్కడినుంచి ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు చెప్పినది నేనూ విడిగా విన్నాను. తమ్ముడు ఒంటరిగా వచ్చాడు, ఆపరేషన్ చేస్తే సగం అవకాశమని చెప్పించుకున్నాడు, ఇంట్లో మాట్లాడి వస్తానని వెళ్ళాడు. అది శుక్రవారం. సినిమా చెప్పింది దాని తరువాతి ఆదివారం. మళ్ళీ అతను ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఈ సంగతి తెలిశాక కూడా నోరు మూసుకుని ఉండవచ్చు. ఎవరూ రుజువు చేయగలిగింది కాదు. ఇతను అలా ఊరుకోలేదు. మరదలి ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు: తమ్ముడు చెప్పిన మాట వాస్తవమేనని, తాను ఆ జవాబు ఇచ్చినదీ వాస్తవమేనని, కానీ సినిమా అనుకున్నానని.

"నవ్వమంటారా బావగారూ?" అందామె.

"ఒట్టమ్మా. సినిమా అనుకున్నాను. డ్రైవరున్నాడు, అడుగు."

"డ్రైవరెందుకు? మీ తమ్ముడు మిమ్మల్ని అడిగారు. మీరు చెప్పారు. ఆయన విన్నారు. మీ మాట ఆయనెప్పుడు కాదన్నారు గనక?"

కూతురు లోపలి గది తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆ పిల్ల అడిగిన ప్రశ్నే ఇన్నాళ్ళుగా ఇతన్ని నిద్రపోనివ్వనిది. "పెదనాన్నా, నాన్న ఏ సినిమా కథైనా సరిగ్గా చెప్పాడా ఎప్పుడైనా? మా ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం కదా. అదొక్కటీ తప్పుల్లేకుండా చెప్తే మీకేమనిపించలేదా?"

"బాగా చెప్పావురా అన్నాను తల్లీ" అన్నాడు ఇతను.

మరదలు తలుపు వేసేసింది. అప్పటినుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు లేవు. ఆ పిల్ల మంచి మార్కులతో పాసైందని ఇతనికి ఎవరో బేరానికి వచ్చినవాళ్ళు చెబితే తెలిసింది. నన్ను మధ్యవర్తిగా వెళ్ళమంటే రెండుసార్లు వెళ్ళాను. "మీరు పెద్దవారు, మీ మాట కాదనను. కానీ ఆయన్ని చూస్తే నాకు ఆ రోజు కొట్టులో నవ్విన నవ్వే వినిపిస్తుంది" అని ఆమె అన్నది.  ఈ తగవు తీరుతుందన్న ఆశ నాకు లేదు.

చనిపోయినవాడి వంతు కూడా తూచకపోతే న్యాయం కాదు. అతను తన ప్రాణం సంగతి మారువేషం వేయించి అడిగాడు. సూటిగా అడిగి ఉంటే వచ్చే జవాబు వేరని అతనికి తెలియదా? తెలిసే అలా అడిగాడేమో, తనకు కావలసిన జవాబు కోసమే. లేక, అన్న కనిపెట్టి చేయి పట్టుకుంటాడని ఎదురుచూశాడేమో. రెండోసారి అడగడం చూస్తే ఇదే నిజమనిపిస్తుంది. కానీ దాన్ని తేల్చగలవాడు లేడు. ఆపరేషన్ జరిగినా సగం అవకాశమే గనుక, బతికేవాడని ఎవరూ ప్రమాణం చేయలేరు. దీన్ని ఇతని ముందు ఒకసారి అన్నాను. "సగం తక్కువా అండీ?" అన్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు కొట్టుకు వచ్చినవాళ్ళు సినిమా మాట ఎత్తరు. ఎత్తినా ఇతను తలెత్తడు. మేకు తరువాత మేకు కొట్టుకుంటూ పోతాడు.

వీధి మాటలకు నా జవాబు ఇది. ఇతను జబ్బు సంగతి దాచలేదు, ఎందుకంటే ఇతనికి తెలియదు. ఆపరేషన్ వద్దని తమ్ముడికి చెప్పలేదు, ఎందుకంటే తాను మాట్లాడుతున్నది తమ్ముడి గురించి అనుకోలేదు. ఇతను చేసింది ఒక్కటే. ఒక మనిషి బతకాలా చావాలా అని తన తమ్ముడు రెండుసార్లు అడిగితే, చావడమే చూడటానికి బాగుంటుందని రెండుసార్లూ చెప్పాడు.