తట్ట పోగొడితే ఏటి సేస్తావు?

శ్రీకాకుళంలో పిల్లల తెలివితేటలు పరీక్షించే ఉద్యోగంలో నేను కొత్తగా చేరిన రోజులవి. చేపలమ్మే ఒకావిడ తొమ్మిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు బుర్ర ఎదగలేదేమో, పరీక్ష చేయించి కాగితం తెమ్మని బడివాళ్లు చెప్పారట.

తెలివి జాతిని బట్టి, పుట్టుకతో వస్తుందా, పెరిగిన పరిసరాలను బట్టి వస్తుందా అన్న శాస్త్రవేత్తల వాదాల మీద కాలేజీలో పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. పరిసరాలదే పైచేయి అని గట్టిగా నమ్మాను కూడా.

పరీక్ష పుస్తకంలోని ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదివాను. “ఇతరుల వస్తువును పోగొట్టినచో నీవేమి చేయుదువు?”

పిల్ల తల దించుకుంది. తల్లి ఉండబట్టలేక అందుకుంది. “ఒసే, పక్కోళ్ల సేపల తట్ట పోగొట్టీసినావనుకో, ఏటి సేస్తావు?”

“ఎతుకుతాను. దొరక్కపోతే మన తట్ట ఇచ్చీస్తాను.”

సరైన జవాబే. కానీ ప్రశ్నలో మాట మార్చకూడదని, పక్కవాళ్లు అందించకూడదని నిబంధన. సున్నా వేశాను. తర్వాతి ప్రశ్నలకూ అదే జరిగింది.

“అన్నీ సెప్పింది కదమ్మా! మరి తెలివి లేదంటారేటి?” అంది తల్లి.

మా ఇంట్లో మేమూ ఆ యాసలోనే మాట్లాడుకుంటాం. ఆ మాట ఆమెతో అనలేక, తక్కువ అంకె వేసి సంతకం పెట్టాను.

కొన్ని నెలలు మనసు కుదుటపడలేదు. మళ్లీ పరీక్షిస్తానని ఆ బడికి వెళ్లాను. పిల్ల బడి మానేసి చాలా రోజులైందన్నారు.

“తెలివి తక్కువని మీరే కదా రాసిచ్చారు?” అని మాస్టారు నా కాగితం తీసి చూపించారు.