ఇంటి బట్ట మీద బొమ్మ

ఆస్తి కరిగిపోయిన ఇంట్లో పుట్టినవాడికి వారసత్వంగా దక్కేది నిటారైన వీపు ఒక్కటే. దాన్ని ఎవరూ వేలం వేయలేరు కనుక ఆ రోజుల్లో నేను దాన్ని మరీ జాగ్రత్తగా కాపాడుకునేవాణ్ణి. బస్సులో సీటు దొరికినా వెనక్కి ఆనుకునేవాణ్ణి కాదు. సిరిసిల్ల నుంచి ముంబై పక్కనున్న మగ్గాల ఊరు భివండీకి వచ్చిన మా తాత అక్కడి నార్పోలి పేటలో షెడ్డు నిండా సాంచాలు (మరమగ్గాలను మేమలాగే అంటాం) నడిపించాడు. నాకు బుద్ధి తెలిసేసరికి షెడ్డు పోయింది, సాంచాలు ఒక్కొక్కటే పోయాయి. ఇంటి వెనక రేకుల కింద మిగిలిన నాలుగింటిని నాయిన స్వయంగా నడిపేవాడు. అయినా గల్లీలో మాది 'సేటు ఇల్లే'. (అలా అనేవాళ్లలో సగం మంది నవ్వుతూ అనేవారు. ఆ సగాన్ని నేను పట్టించుకోలేదు.)

మా వైభవంలో అందరికీ గుర్తున్న భాగం టీవీ. నా చిన్నతనంలో గల్లీ మొత్తానికి అది మా ఇంట్లోనే ఉండేది. ఆదివారం సాయంత్రం సినిమాకు అందరూ మా హాల్లో చేరితే, నాయిన తల్లి, మా బాపమ్మ, గుమ్మంలో కూర్చుని చోట్లు పంచేది. "నువ్వు పొడుగున్నవ్, ఎన్కకు పో. ఓ పిల్లా, పిలగాన్ని ఒళ్లె కూసోవెట్టుకో." తర్వాత ఎవరింట్లో వాళ్లకే టీవీలు వచ్చాయి, మా గుమ్మం ఖాళీ అయింది. అటుపైన ఎదురింటి కండెల మామ (వరసకు అమ్మకు తమ్ముడు) గోడకు పటంలా తగిలించే ఫ్లాట్ టీవీ కొన్నాడు. ఒకప్పుడు మా షెడ్డులో కండెలకు నూలు చుట్టే పనితో మొదలై, తర్వాత సొంత సాంచాలు పెట్టుకున్న మనిషి. ఇక ఆదివారాలు గల్లీ అంతా ఆయన ఇంట్లోనే. బాపమ్మ మా గుమ్మంలో కూర్చుని అటు పోయేవాళ్లను చూసేది. మామ స్వయంగా వచ్చి పిలిచినా, "నాకు కండ్లు గుంజుతయి బిడ్డా" అనేది. ఆమె కళ్లకు ఏమీ కాలేదు. (బియ్యంలో రాయి నాకంటే ముందు ఆమెకే కనబడేది.) ఒక్కసారైనా మా హాలు మళ్లీ నిండాలి, బాపమ్మ మళ్లీ చోట్లు పంచాలి అని నేను పంతం పట్టాను.

ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లో గుమాస్తాగా చేరిన కొత్త రోజులవి. నాయినను వెంటబెట్టుకుని బజారుకు పోయాను. షాపువాడు మమ్మల్ని ఫ్లాట్ టీవీ ముందు నిలబెట్టి, "సేట్, ఘర్ కే లియే యహీ అచ్ఛా" అన్నాడు, ఇంటికి ఇదే మంచిదని. (సేట్ అన్నందుకు నేను సగం లొంగాను.) పగలైనా బొమ్మ కనబడుతుందట, గోడకు తగిలిస్తే పని అయిపోయినట్టేనట. నాయిన తలూపాడు.

"గిదే మంచిగున్నది. తీస్కుందాం."

"మామ దానికంటె పెద్దదా?"

"గంతదే ఉంటది."

"గంతదే అయితె, ఆడికెల్లి లేచి మనింటికి ఎందుకొస్తరు నాయినా?"

మూలనున్న ప్రొజెక్టర్ వైపు వేలు చూపించాను. గోడంత బొమ్మ! షాపువాడు నిజాయితీపరుడు. దానికి గది చీకటి చేయాలని, తెర కూడా కొనాలని హెచ్చరించాడు. తెర అంటే ఏమిటని నాయిన అడిగాడు. బట్టే, తెల్లబట్ట అన్నాడతను. అంతే, అప్పటిదాకా టీవీ పక్షాన ఉన్న నాయిన ముఖం ఎర్రబడింది. "బట్ట కొనుడా? భివండీల ఉండుకుంట? మనమా?" అది మామూలు బట్ట కాదని, పైన ఏదో పూత ఉంటుందని షాపువాడు చెబుతుంటే మేమిద్దరం అతన్ని జాలిగా చూశాం. బట్ట గురించి మాకు చెబుతున్నాడు పాపం! ప్రొజెక్టర్ ఒక్కటే తీసుకుని బయటపడ్డాం.

తెరను నాయినే నేశాడు. మా సాంచా మీద అంత వెడల్పు రాదు కాబట్టి రెండు పన్నాలు తీసి నడుమ కుట్టించాం. ఆదివారం పొద్దున గల్లీలో ఇంటింటికీ పోయి పిలిచాను, అది కూడా వీపు వంచకుండా. సాయంత్రానికి హాలు నిండింది. కండెల మామ తన టీవీ కట్టేసి మరీ వచ్చాడు. బాపమ్మ జరీ అంచు చీర కట్టుకుని, "నువ్వీడ, నువ్వాడ" అంటూ చెయ్యి తిప్పుతుంటే నా వీపు ఇంకో అంగుళం పైకి లేచింది. కిటికీలకు దుప్పట్లు కట్టి, లైటు తీసి, బొమ్మ వేశాను. ఇంట్లో ఎప్పుడూ ఎగిరే నూలు దూది ఆ వెలుగులో వెన్నెల పొడిలా మెరిసింది. పిల్లలు "ఓయ్!" అన్నారు. ఆ క్షణం నేను మా తాతంతవాణ్ణి.

క్షణమే. చీకట్లోంచి మామ గొంతు వినబడింది. "బావా, గా పిల్ల చెంప మీద పోగు తప్పింది."

"ఏడ?" అని నలుగురు ముందుకు వంగారు.

"గీడ. ముక్కుకాన్నుంచి చూడు."

"అవునే! గా గీత చూసిన్రా? సాంచ ఆపి మళ్ల నడిపిన కాడ పడ్డది."

"రెండు పన్నాలు ఒక్క తీర్గ లేవు. విలన్ ఎడమ దిక్కుంటె తెల్లగున్నడు, ఇటు రాంగనె నల్లగైతున్నడు."

పొద్దస్తమానం బట్టలో తప్పులు వెతికే జనం ముందు గోడంత బట్ట కట్టి, దాని మీద దీపం పెట్టి, బొమ్మ చూడమంటే చూస్తారా? "జర బొమ్మ చూడున్రి!" అన్నాను కటువుగా. "బొమ్మ ఏడికి పోతది బిడ్డా, బట్ట చూడనియ్యి" అన్నాడొకడు. నాయిన లేచి తెర దగ్గరికి నడిచాడు. ఆయన తెల్లచొక్కా మీద గుర్రాలు పరుగెత్తుతున్నాయి. ఇంటి పరువు పోయిందని నేను కళ్లు మూసుకున్నాను.

"పోగు తప్పింది నిజమే," అన్నాడాయన. "గప్పుడే మీ అక్క చాయ్ తెచ్చింది బామ్మర్దీ."

"అయితె తప్పు అక్కదే!"

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "తాగినోడు మంచోడు, తెచ్చినదాన్ని నేను తప్పుదాన్నా?"

హాలంతా గొల్లుమంది. ఎవరో లైటు వేశారు. తెర ఊడదీసి ఒళ్లో పరుచుకున్నారు. పాత షెడ్డు మాటలు, ఎవరి సాంచా ఎలా మొరాయించేదో ఆ మాటలు, నాయిన నవ్వులు. బాపమ్మ బట్ట మీద వేళ్లు నడిపి, "పడుగు మంచిదే. పేకనే ఆగమైంది" అని తీర్పిస్తే అందరూ ఒప్పుకున్నారు. తెర లేని గోడ మీద, క్యాలెండర్ మీదుగా, సినిమా తన మానాన తాను నడిచింది. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పై ఆదివారం జనం మళ్లీ ఎదురింటికే పోయారు. బాపమ్మ మళ్లీ గుమ్మంలో కూర్చుంది. కాసేపటికి మామ వచ్చాడు. ఈసారి టీవీ ఊసే ఎత్తలేదు.

"అత్తా, కొత్త సాంచ మీద బట్ట తీసిన. ఎట్లున్నదో నువ్వొచ్చి చెప్పాలె."

"ఈడికి తే, చూస్త."

"మస్తుగున్నది అత్తా, మోసుడు కాదు. హాల్ల పరిచి పెట్టిన."

బాపమ్మ కొంగు సర్దుకుని, "పని కాడికి పిలిస్తె పోకుంటె ఎట్ల?" అని నాతో అని గల్లీ దాటింది. ఆమె వెనకే నాయిన. ఆ బట్ట చూడడానికి సరిగ్గా ఒక సినిమా అంత సేపు పడుతుందని వాళ్లిద్దరికీ తెలుసు, మామకూ తెలుసు.

నాకు రోషం వచ్చింది. హాలు చీకటి చేసి ప్రొజెక్టర్ పెట్టాను. మా వైభవం ఎదురింటికి వినబడాలని సౌండ్ బాగా పెంచాను. కొద్దిసేపటికి అటునుంచి బాపమ్మ కేక వేసింది.

"ఓ పిలగా! జర సౌండ్ తక్కువ చెయ్యి, ఈడ బొమ్మ మంచిగ నడుస్తున్నది!"

తగ్గించాను. కానీ లేవలేదు. అంత పెద్ద హాల్లో నిటారుగా ఒక్కణ్ణే కూర్చుని, సినిమా చివరిదాకా చూశాను. ఆ కుర్రవాడు ఇప్పుడు తలపుకొస్తే భుజం తట్టి, "పోరాదురా, వాళ్లు నీ కోసం కూడా జాగ ఉంచిన్రు" అనాలనిపిస్తుంది. వినడని తెలుసు. బాపమ్మ ఒక్క పిలుపుతో దాటిన ఆ సన్నటి గల్లీని దాటడానికి వాడికి వానాకాలమంతా పట్టింది.